కాంపాక్టా, మిర్రర్‌లెస్సా? లక్ష లోపు, గుళ్లకూ జాతర్లకూ పనికొచ్చేది చెప్పండి

పానగల్ సార్ (నల్గొండ):

అందరికీ నమస్తే. బడిలో పాఠాలు చెబుతాను, సెలవు దొరికితే కెమెరా పట్టుకొని చుట్టుపక్కల పాత గుళ్లు, జాతర్లు తిరుగుతాను. నా దగ్గర నికాన్ డీ7200 ఉంది, దాంతో పాటు 18-140 లెన్సు, ఇంకో పాత 50 ఎంఎం ఎఫ్ 1.8డీ. ఫొటోల మీద నాకేం ఫిర్యాదు లేదు, కెమెరా ఇప్పటికీ మంచిగా పనిచేస్తుంది. బరువుతోనే బాధ. బాడీ, 18-140 కలిపితే కిలోంబావు. మెడనొప్పి మొదలైన తర్వాత డాక్టరు బరువులు వేలాడదీయొద్దన్నారు, అప్పటినుంచి కెమెరా బీరువాలోనే ఉంటోంది, ఫోన్‌తో తీస్తున్నాను, ఆ ఫొటోలు చూస్తే మనసు ఒప్పుకోవడం లేదు.

నేను తీసేవి చెబితే మీకు సలహా ఇవ్వడం సులువు. మొదటిది పానగల్ ఛాయా సోమేశ్వరాలయం లాంటి చోట్లు. లోపల చీకటి, ద్వారం బయట ఎండ, రెండూ ఒకే ఫ్రేములో. ఫోన్ అన్నీ కలిపి నీడను కూడా వెలుగు చేసేస్తుంది, ఆ గుడికి పేరు వచ్చిందే నీడ వల్ల కదా. రెండోది రాత్రి బతుకమ్మ, చెర్వుగట్టు జాతర, అంటే వీధిలైట్ల కింద కదిలే మనుషులు. మూడోది మా పాప, ఆరేళ్లది, ఒక్కచోట నిలవదు. ఎప్పుడన్నా ఉదయసముద్రం కట్ట మీద కొంగలు కూడా.

లక్ష లోపు అనుకుంటున్నాను. కాంపాక్ట్ (లెన్సు మార్చలేని చిన్న కెమెరా) అయితే, ఒక దోస్తు సోనీ ఆర్‌ఎక్స్100 ఏడో మోడల్ జేబులో పడుతుంది, 24 నుంచి 200 దాకా జూమ్ ఉంది, అదే తీసుకో అంటున్నాడు. యూట్యూబ్‌లో అందరూ ఫుజీ ఎక్స్100 సిక్స్ అంటున్నారు, అది నా బడ్జెట్‌కు అందదు. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్సు మార్చుకునే కెమెరా) అంటే నికాన్ జెడ్50-2, కెనాన్ ఆర్50, సోనీ జెడ్‌వీ-ఈ10 పేర్లు వింటున్నాను. వాడినవాళ్లు చెప్పండి, స్పెసిఫికేషన్లు నేను చదువుకోగలను.

పాలమూరు స్టూడియో (మహబూబ్‌నగర్):

సార్, నేను పెళ్లిళ్లు తీస్తాను, అన్ని కంపెనీల బాడీలూ చేతిలో పడ్డాయి. ముందు ఒక మాట. ఏ బాడీ కొన్నా దాంతో వచ్చే కిట్ లెన్సుతోనే ఆగిపోతే మీరు చెప్పిన ఆ గుడిలో, ఆ బతుకమ్మ దగ్గర మీకు ఫోన్ కన్నా పెద్ద తేడా కనిపించదు. లెక్క చూడండి. ఈ కిట్ లెన్సుల్లో చాలావరకు జూమ్ చివరికి వెళ్లేసరికి ఎఫ్ 6.3 అవుతాయి (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు లోపలికి తెస్తుంది). అదే చోట ఎఫ్ 1.7 లెన్సు పెడితే సెన్సర్ మీద పడే వెలుతురు సుమారు 14 రెట్లు ఎక్కువ. అంటే కిట్ లెన్సుతో సెకనులో ఎనిమిదో వంతు షట్టర్ పెట్టాల్సిన దగ్గర అదే ఐఎస్ఓతో (సెన్సర్ వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) వందో వంతు పెట్టొచ్చు. బతుకమ్మ ఆడేవాళ్ల చేతులు ఎనిమిదో వంతులో చెదిరిపోతాయి, వందో వంతులో చాలావరకు నిలబడతాయి.

ఇంకోటి, అందరూ ఐబిస్ ఐబిస్ అంటారు, సెన్సర్ కదిలి మన చేతి వణుకును సరిచేసే ఏర్పాటు. గుడిలో స్తంభానికి అది మంచిదే, స్తంభం కదలదు. మనిషి కదులుతుంటే ఐబిస్ ఏమీ చేయలేదు, అక్కడ షట్టర్ వేగం కావాలి, వేగం కావాలంటే పెద్ద అపర్చర్, అంటే చిన్న ఎఫ్ అంకె ఉన్న లెన్సు కావాలి. కాబట్టి మీ డబ్బులో సగం దాకా లెన్సుకు పక్కన పెట్టండి, మిగిలినదాంట్లో వచ్చే బాడీ చూడండి.

ఆర్‌ఎక్స్100 ఏడో మోడల్ గురించి: అది 2019 కెమెరా, ఇంజినీరింగ్ పరంగా నిజంగా గొప్పది, 302 గ్రాముల్లో అంత జూమ్ పెట్టారు. కానీ సెన్సర్ ఒక అంగుళం రకం, మీ డీ7200లో ఉన్న ఏపీఎస్-సీ సైజు సెన్సర్ దానికి మూడు రెట్లు పెద్దది. పైగా జూమ్ చేస్తే ఎఫ్ 4.5. పగలు పెళ్లి ఊరేగింపులో సరే, రాత్రి జాతరలో మీకు బాధ పెడుతుంది.

నా సలహా: సెకండ్ హ్యాండ్ సోనీ ఏ6400, దానికి సిగ్మా 18-50 ఎఫ్ 2.8. రెండూ కలిపి 700 గ్రాముల దగ్గర. అన్ని జూమ్‌ల దగ్గరా ఎఫ్ 2.8 ఉంటుంది, గుడికి 18, పాపకు 50, లెన్సు మార్చే పని లేదు.

జేబులో కెమెరా (నల్గొండ):

స్టూడియో అన్నతో నేను కొంత ఒప్పుకోను. ఆయన పని కోసం మోస్తారు, సార్ ఇష్టం కోసం మోయాలి, రెండూ ఒకటి కావు. సార్ సమస్య బీరువాలో ఉన్న కెమెరా. 700 గ్రాములు కూడా సంచి అడుగుతుంది, సంచి అంటే మళ్లీ ఈ రోజు వద్దులే అనిపిస్తుంది.

నేను రికో జీఆర్ త్రీఎక్స్ వాడుతున్నాను. 262 గ్రాములు, ప్యాంటు జేబులో పడుతుంది, అయినా లోపల ఉన్నది ఏపీఎస్-సీ సెన్సరే, ఐబిస్ కూడా ఉంది. లెన్సు ఒకటే, పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో 40 ఎంఎంకు సమానం, ఎఫ్ 2.8. జూమ్ లేదు, ఫ్లాష్ లేదు, వ్యూఫైండర్ లేదు, ఇవన్నీ తెలిసే చెబుతున్నాను. ప్రకాశం బజార్‌లో సాయంత్రం నడుస్తూ తీస్తే ఎవరూ ముఖం తిప్పుకోరు, ఎవరూ పేపర్ వాళ్లా అని అడగరు. పెద్ద కెమెరా తీయగానే మన దగ్గర మనుషులు సర్దుకొని నిలబడతారు, లేదా పక్కకు జరుగుతారు, ఆ క్షణం పోయినట్టే. స్నాప్ ఫోకస్ అని ఒకటుంది, దూరం ముందే రెండు మీటర్లో రెండున్నరో పెట్టేసుకుంటే బటన్ నొక్కగానే ఫొటో, ఫోకస్ కోసం ఆగడం ఉండదు. కూరగాయలు అమ్మే అవ్వల ముఖాలు నాకు ఏ పెద్ద కెమెరాతోనూ అంత సహజంగా రాలేదు.

ఛాయా సోమేశ్వరంలో కూడా తీశాను. ఎక్స్‌పోజర్‌ను వెలుతురు వైపు లెక్కపెట్టి, రా ఫైల్‌లో (కెమెరా ఏమీ మార్చకుండా దాచే ఫైలు) నీడల్ని కావలసినంతే ఎత్తాను, నీడ నీడలాగే ఉంది.

పక్షులు మాత్రం దీంతో కుదరవు, పాప పరుగెత్తితే ఆటోఫోకస్ వెనకబడుతుంది. అది నిజం.

గద్వాల చేనేత (గద్వాల):

అన్నా నమస్తే, నేను చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను, నా అవసరం వేరే కానీ కెనాన్ ఆర్50 గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా. 2023లో వచ్చిన మోడల్, బాడీ 375 గ్రాములే, చేతిలో ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. మెనూలు తేలిక, ఫోన్‌లోకి ఫొటోలు తొందరగా వస్తాయి. మనిషి కన్ను పట్టుకునే ఆటోఫోకస్ చాలా మంచిది, మా చెల్లెలు చీర కట్టుకొని నడుస్తుంటే ఒక్క ఫొటో కూడా ఫోకస్ తప్పలేదు.

మా చీరకు బాడీ నూలు, అంచు పట్టు, దాని మీద జరీ. ఈ మూడూ వెలుతురును మూడు రకాలుగా పట్టుకుంటాయి. ఫోన్‌లో జరీ తెల్లగా కాలిపోయేది, నూలు రంగు ఒక ఫొటోలో ఒకలా ఇంకో ఫొటోలో ఇంకోలా వచ్చేది, రంగు వేరే ఉందని చీరలు వాపసు వచ్చేవి. ఇప్పుడు కిటికీ పక్కన పరిచి, బూడిదరంగు కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ (రంగులు అసలులా రావడానికి) సెట్ చేసి, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి రా లో తీస్తాను. వాపసు బాగా తగ్గింది. కెమెరా కన్నా ఈ పద్ధతే ముఖ్యం, అయితే ఈ పద్ధతి చేతికి రావాలంటే కెమెరా కావాలి.

లోటు ఏంటంటే దాంతో వచ్చే 18-45 లెన్సు ఎఫ్ 4.5 దగ్గర మొదలవుతుంది, ఇంట్లో సాయంత్రమైతే పనికిరాదు. నేను 50 ఎంఎం ఎఫ్ 1.8 తీసుకున్నాను, 160 గ్రాములే ఉంటుంది, అప్పటినుంచి కిట్ లెన్సు డబ్బా నుంచి బయటికి రాలేదు. స్టూడియో అన్న చెప్పిన లెన్సు మాట నూటికి నూరుపాళ్లు నిజం.

పానగల్ సార్:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మేడం, జరీ సంగతి చదివాక మా ఇంట్లోవాళ్లకు కూడా చూపించాను.

రెండు అనుమానాలు. నా 18-140నూ 50 ఎంఎం ఎఫ్ 1.8డీనీ అడాప్టర్‌తో జెడ్50-2కు పెట్టుకోవచ్చు కదా, అప్పుడు లెన్సు ఖర్చు మిగులుతుంది. రెండోది ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్. అద్దంలోంచి చూసే అలవాటు ఇన్నేళ్లది, చిన్న టీవీలోంచి చూసినట్టు ఉంటుందేమో అని జంకు.

నల్లమల పిట్టలు (అచ్చంపేట):

సార్, నేను జెడ్50-2 వాడుతున్నాను, అంతకుముందు మీలాగే డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) మనిషిని, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

50 ఎంఎం డీ లెన్సులో మోటారు లేదు. మీ డీ7200 బాడీలో ఒక చిన్న స్క్రూ ఉంటుంది, అదే తిరిగి లెన్సును ఫోకస్ చేస్తుంది. పాత నికాన్ లెన్సుల్ని జెడ్ కెమెరాలకు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ స్క్రూ లేదు. కాబట్టి ఆ లెన్సు పెట్టుకోవచ్చు కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. గుడిలో సరే, ఫోకస్ పీకింగ్ పెట్టుకుంటే ఫోకస్ పడిన అంచుల మీద రంగు గీతలు కనిపిస్తాయి. పాపకు మాత్రం కుదరదు. 18-140 ఏఎఫ్-ఎస్ లెన్సు, అంటే మోటారు దాంట్లోనే ఉంటుంది, కాబట్టి అడాప్టర్‌తో ఆటోఫోకస్ పూర్తిగా పనిచేస్తుంది. కానీ బరువు కూడండి: బాడీ బ్యాటరీతో 550, లెన్సు 490, అడాప్టర్ 125 చుట్టూ. 1160 దాటింది. ఇప్పుడున్నదానికీ దానికీ వంద గ్రాములే తేడా. దానికోసం అంత డబ్బు ఎందుకు పెట్టాలి? అడాప్టర్ ఆలోచన వదిలేయండి. జెడ్ 24 ఎంఎం ఎఫ్ 1.7 అని ఒక లెన్సుంది, 135 గ్రాములు, పాత లెక్కలో 36 ఎంఎంకు సమానం. బాడీతో కలిపి 700 లోపు. గుడి, బతుకమ్మ, పాప, మూడింటికీ అదే మొదటి లెన్సు.

వ్యూఫైండర్ జంకు నాకూ ఉండేది. అసలు లాభం ఎక్కడంటే మీరు రాసిన ఆ చీకటి వెలుగుల దగ్గరే. అద్దంలోంచి చూస్తే మన కన్ను చూసేది కనిపిస్తుంది, కెమెరా తీయబోయేది కాదు. ఎలక్ట్రానిక్ దాంట్లో ఎక్స్‌పోజర్ తిప్పుతుంటే నీడ ఎంత నల్లబడుతుందో, ద్వారం ఎక్కడ తెల్లగా పోతుందో తీయకముందే కనిపిస్తుంది. తీసి, వెనక్కి చూసి, మళ్లీ తీసే తిప్పలు పోతాయి. ఇంకోటి మన ఎండ. మే నెలలో పన్నెండు గంటలకు మన్ననూరు దగ్గర స్క్రీన్ మీద ఏమీ కనపడదు, వ్యూఫైండర్ లేని కెమెరా పట్టుకొని ఏం తీస్తున్నామో తెలియకుండా తీయాలి. జెడ్‌వీ-ఈ10లో అది లేదు, కెనాన్ జీ7ఎక్స్‌లోనూ లేదు. వీడియో మాట్లాడేవాళ్లకు అవి మంచివి. మీకు వద్దు.

పక్షులకు జెడ్50-2లో విడిగా బర్డ్ మోడ్ ఉంది, నికాన్ పెద్ద బాడీలు జెడ్8, జెడ్9లలో వచ్చిన ప్రాసెసరే దీంట్లోనూ పెట్టారు. ఫర్హాబాద్ వైపు కొమ్మల మధ్య కూర్చున్న పిట్ట కన్ను మీద డబ్బా పడి అక్కడే నిలబడుతుంటే మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. డీ7200తో మధ్య పాయింట్ పెట్టి, ఫ్రేము జరిపి, అంతలో పిట్ట ఎగిరిపోయేది. అయితే కొంగలకు మీ 24 ఎంఎం చాలదు, అప్పుడు మాత్రం పొడుగు లెన్సు కావాలి. ఆ ఖర్చు ఇప్పుడు పెట్టొద్దు.

మెగాపిక్సెళ్లు 24 నుంచి 20.9కి తగ్గుతాయని ఎవరన్నా అంటే పట్టించుకోకండి. ప్రింట్ తీసి గోడకు పెట్టినా తెలియదు.

సూర్యాపేట సర్వీసు:

కెమెరాలు బాగుచేసే పని నాది. ఎవరూ చెప్పని సంగతులు కొన్ని.

దుమ్ము. మన జాతర్ల దుమ్ము మామూలు దుమ్ము కాదు, ఎర్రమట్టి, పసుపు, బండారి అన్నీ గాల్లో ఉంటాయి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు తీస్తే ముందు అద్దం, దాని వెనక షట్టర్, ఆ తర్వాత సెన్సర్. మిర్రర్‌లెస్‌లో చాలావాటికి లెన్సు తీయగానే సెన్సరే ఎదురుగా ఉంటుంది. పెద్దగట్టు జాతర మధ్యలో నిలబడి లెన్సు మార్చిన కెమెరాలు నా టేబుల్ మీదికి వస్తుంటాయి. కారులోనో గదిలోనో మార్చుకోండి, బాడీ మూతి కిందికి పెట్టి మార్చండి, నోటితో ఊదకండి, తుంపర్లు పడి మరక అంటుకుంటుంది, రబ్బరు బ్లోయర్ వాడండి. కాంపాక్ట్ అయితే లెన్సు మార్చే పనే లేదు కదా అనుకుంటారు, కానీ బయటికి పొడుచుకొచ్చే లెన్సు లోపలికి వెళ్లేటప్పుడు దుమ్మును కూడా పీల్చుకుపోతుంది, అప్పుడు విప్పితే తప్ప శుభ్రం కాదు. జీఆర్ వాడే తమ్ముడు జాగ్రత్తగా ఉండాలి, జేబులో పెట్టేముందు జేబు దులుపుకోవాలి.

బ్యాటరీ. డీ7200కు ఒక చార్జింగ్‌తో 1110 ఫొటోలు లెక్క. జెడ్50-2కు సుమారు 250. నిజంగా వాడితే అంతకన్నా ఎక్కువే వస్తాయి, కానీ జాతరకు వెళ్తే రెండు అదనపు బ్యాటరీలు ఉండాల్సిందే, ఆ ఖర్చు కూడా లక్షలో కలపండి. యూఎస్‌బీ-సీతో పవర్ బ్యాంక్ నుంచి చార్జ్ అవుతుంది, అదొక సౌకర్యం. మీ పాత బ్యాటరీలు దాంట్లో పట్టవు.

ఎల్‌ఈడీ లైట్లు. ఇప్పుడు ప్రతి ఊర్లో సీరియల్ లైట్లు, ఎల్‌ఈడీ తెరలే. సైలెంట్ మోడ్‌లో, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ఫొటోలో అడ్డంగా చారలు వస్తాయి. కెమెరా పాడైందని తెస్తారు, పాడవలేదు, మెకానికల్ షట్టర్‌కు మార్చితే చాలావరకు పోతాయి. సోనీ జెడ్‌వీ-ఈ10 రెండో మోడల్‌లో మెకానికల్ షట్టరే లేదు, పెళ్లిళ్లకు కొందామనుకునేవాళ్లు ఇది గమనించండి.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు ఎఫ్ 16 పెట్టి తెల్లగోడను ఒక ఫొటో తీసి పెద్దగా చేసి చూడండి. సెన్సర్ మీద మచ్చలుంటే నల్ల చుక్కల్లా కనిపిస్తాయి. చుక్కలు పోతాయి, గీతలు పోవు.

పాలమూరు స్టూడియో:

నల్లమల అన్న వ్యూఫైండర్ గురించి చెప్పింది అక్షరాలా నిజం. కానీ సార్ ఒక్క లెన్సుతో సర్దుకోగలరా? 18-140 అలవాటున్న మనిషికి 24 ఒక్కటే అంటే మొదట్లో కాళ్లు కట్టేసినట్టు ఉంటుంది. మా పిల్లలమర్రి దగ్గర నిలబడితే 24తో ఆ చెట్టు ఒక మూల కూడా రాదు, ఎకరాల మేర పాకిన మర్రి అది. అందుకే ఎఫ్ 2.8 జూమ్ అన్నాను. ఆ సిగ్మా 18-50 సోనీకి ఉంది, ఫుజీకి ఉంది, 2024 నుంచి కెనాన్ ఆర్ సిరీస్‌కు కూడా వచ్చింది. గద్వాల మేడం, మీకు ఎప్పుడన్నా జూమ్ కావాలంటే అది చూడండి.

జేబులో కెమెరా:

మర్రిచెట్టు మొత్తం రావాల్సిన పనేముందన్నా, ఒక ఊడను మంచిగా తీస్తే చాలదా? ఒక్క లెన్సుతో కొన్నాళ్లు నడిస్తే కన్ను ఆ ఫ్రేముకు అలవాటు పడుతుంది, తర్వాత కెమెరా ఎత్తకముందే ఫొటో కనిపిస్తుంది. సార్ కిట్ లెన్సు లేకుండా బాడీ ఒక్కటి, 24 ఒక్కటి తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. సంచి కూడా చిన్నది సరిపోతుంది.

పానగల్ సార్:

అడాప్టర్ బరువు కూడి చూపించడంతో నాకు సగం తేలిపోయింది. ఆర్‌ఎక్స్100 వదిలేశాను. జెడ్50-2 బాడీ, 24 ఎఫ్ 1.7 వైపు మనసు మొగ్గుతోంది. డీ7200నూ 18-140నూ అమ్మేస్తే వచ్చే డబ్బు బ్యాటరీలకు పోతుంది. అయినా స్టూడియో అన్న చెప్పిన ఎఫ్ 2.8 జూమ్‌ను కూడా చేతిలో పట్టుకొని చూడకుండా కొనను. రెండో శనివారం హైదరాబాద్ వెళ్తున్నాను, కోఠీ గుజరాతీ గల్లీలో రెండూ చూస్తాను. షాపులో ఏం పరీక్షించాలో చెప్పండి.

నల్లమల పిట్టలు:

మీ మెమరీ కార్డు మీరే తీసుకెళ్లండి సార్. షాపులో లైట్లు తక్కువున్న మూల చూసి ఐఎస్ఓ 6400 పెట్టి, సేల్స్ అబ్బాయిని అటూ ఇటూ నడవమని రెండు కెమెరాలతోనూ వరసగా తీయండి. కార్డు ఇంటికి తెచ్చి కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి చూడండి, కెమెరా వెనక ఉన్న చిన్న స్క్రీన్ మీద అన్నీ మంచిగానే కనిపిస్తాయి. మీకు కళ్లద్దాలుంటే అవి పెట్టుకొనే వ్యూఫైండర్‌లో నాలుగు మూలలూ కనిపిస్తున్నాయో లేదో చూడండి. పట్టు కూడా ముఖ్యం, చిటికెన వేలు బాడీ కింద వేలాడుతుంటే గంట తర్వాత చెయ్యి నొప్పి పెడుతుంది.

సూర్యాపేట సర్వీసు:

బిల్లు లేకుండా ధర తగ్గిస్తామంటే ఒప్పుకోకండి సార్. బయటి దేశం నుంచి తెచ్చిన పీసులు అలాగే అమ్ముతారు, ఇక్కడి కంపెనీ సర్వీసు సెంటరులో వాటికి వారంటీ దొరకడం కష్టం. బిల్లు మీద జీఎస్‌టీ నంబరు, సీరియల్ నంబరు ఉండాలి, ఆ సీరియల్ నంబరు డబ్బా మీదా బాడీ అడుగునా ఒకటే ఉందో లేదో అక్కడే చూసుకోండి, లెన్సుకూ అంతే. కొన్న రోజే కంపెనీ వెబ్‌సైటులో రిజిస్టర్ చేయండి. ఇంకోటి, 24 ఎంఎంకు 46 ఎంఎం ఫిల్టరు పడుతుంది, ఒక మంచి యూవీ ఫిల్టరు అక్కడే తీసుకోండి, చెర్వుగట్టు దుమ్ముకు అది ఉండాలి.